నిలబడి నీళ్లు, పరుగెత్తి పాలు

పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలని మనకో సామెత ఉంది. ఆ సామెత పుట్టించిన మహానుభావుడెవరో గాని, తప్పకుండా కాలువగట్టున కాపురముండి ఉంటాడు. మా అనంతపురం వైపు ఆ మాట చెల్లదు. ఇక్కడ నిలబడితే నీళ్లు రావు. బిందె చంకన పెట్టుకుని బోరింగు దాకా నడవాలి, అది ఎండితే పక్క వీధికి నడవాలి. అలాగని పరుగెత్తినవాళ్లందరికీ పాలు దొరికాయా అంటే అదీ లేదు. పరుగెత్తి బోర్లాపడ్డ వాళ్లను ఊరికి పదిమందిని చూపిస్తాను. ఎంతసేపు నిలవాలి, ఏ క్షణాన పరుగు తీయాలి అన్న లెక్క తెలిసినవాడికే ఈ సీమలో గుక్కెడు మజ్జిగైనా దక్కేది.

ఈ ఉపోద్ఘాతమంతా దేనికంటారా? ఒక పుస్తకం గురించి చెప్పడానికి. పుస్తకం పేరు ‘మనీబాల్’. రాసినవాడు మైకేల్ లూయిస్ అనే అమెరికన్. 2003లో అచ్చయింది, 2011లో సినిమాగా కూడా వచ్చింది. బేస్‌బాల్ అనే ఆట మీద రాసిన పుస్తకం. టెక్సాస్‌లో ఉద్యోగం చేసుకుంటున్న మా అక్క కొడుకు సెలవులకు వచ్చినప్పుడు దీన్ని నా చేతిలో పెట్టి, “చదువు మామా, దీంట్లో మన కరువు ఉంది” అన్నాడు. బంతాటలో కరువేమిటిరా అంటే నవ్వి ఊరుకున్నాడు. చదివి చూస్తే వాడన్నది నిజమే. కాకపోతే గ్రంథకర్త సగం కరువునే చూశాడు. నిలబడడం నేర్పాడు, పరుగెత్తడాన్ని పక్కన పెట్టాడు. నా పేచీ అంతా అక్కడే.

ముందు ఆట సంగతి చెప్పకపోతే మీరు పేజీ తిప్పేస్తారు. చదరాన్ని ఒక మూల మీద నిలబెట్టినట్టు ఊహించుకోండి. నాలుగు మూలలకు నాలుగు బేసులు. కింది మూల పేరు హోమ్, అంటే ఇల్లు. కర్ర పుచ్చుకున్నవాడు ఆ ఇంటి దగ్గర నిలబడతాడు. ఎదుట మిట్ట మీద నుంచి ఒకడు బంతి విసురుతాడు. దాన్ని కొట్టి ఒకటో బేసుకో రెండో బేసుకో చేరాలి. అక్కడ ఆగి, తన వెనక వచ్చేవాళ్లు కొట్టే బంతుల పుణ్యాన ఒక్కొక్క బేసూ దాటుకుంటూ తిరిగి ఇంటికి రావాలి. వస్తే ఒక్క పరుగు. మూడో బేసు దాకా వచ్చి అక్కడే మిగిలిపోతే సున్నా. బెంగళూరికి కూలికి పోయినవాడు హిందూపురం దాకా వచ్చి ఆగితే పెళ్లాం బిడ్డలకు ఏం లాభం? ఇల్లు చేరితేనే లెక్క.

ఇంకొక్క నియమం చెప్పి వదిలేస్తాను. విసిరిన బంతి మోకాళ్లకూ గుండెకూ నడుమ, ఇంటి పలక మీదుగా వస్తేనే అది మంచి బంతి. పక్కగానో పైనుంచో పోయేది చెడ్డది. కొట్టేవాడు ఆశపడి కర్ర ఊపకుండా నాలుగు చెడ్డ బంతులు వదిలాడంటే, ఒకటో బేసుకు ఊరికే నడిచి వెళ్లవచ్చు. దీన్ని వాళ్లు ‘వాక్’ అంటారు. నడక. చప్పట్లుండవు, దుమ్ము లేవదు. కర్ర కింద పడేసి, బ్యాంకులో టోకెన్ తీసుకున్నవాడిలా తాపీగా నడిచిపోతాడు. కొట్టి చేరినా నడిచి చేరినా చేరింది ఆ బేసుకే కదా? ఈ చిన్న ప్రశ్నే మూడొందల పేజీల పుస్తకమైంది.

ఎందుకైందంటే, ఆ నడకను ఎవరూ సరిగా జమ కట్టలేదు గనక. బేస్‌బాల్ లెక్కల పద్ధతికి పునాది వేసిన వాళ్లలో ముఖ్యుడు హెన్రీ చాడ్విక్ అనే పత్రికా విలేఖరి. ఇంగ్లండులో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా చేరినవాడు. ఆయన కళ్లు క్రికెట్‌కు అలవాటుపడ్డ కళ్లు. మన క్రికెట్‌లో వైడు బంతి బ్యాట్స్‌మన్ ఖాతాలో పడదు గదా, ఎక్స్‌ట్రాలలో పడుతుంది. చాడ్విక్ గారు అదే చూపుతో వాక్‌ను విసిరేవాడి తప్పుగా రాసుకున్నారు, కొట్టేవాడి ఒప్పుగా కాదు. 1887లో ఒక్క ఏడు మాత్రం నడకను కూడా హిట్టుగా లెక్కవేసి, మరుసటి ఏడే మానేశారు. అప్పట్నుంచి బ్యాటింగ్ సగటులో దానికి చోటు లేదు. అంటే, నూరేళ్లపాటు కోట్ల డాలర్లు పోసి ఆటగాళ్లను కొన్న ఆసాములు, ఇంగ్లీషువాడు పొరపాటున మోసుకొచ్చిన కాటారాళ్లతో తూకం వేశారన్నమాట!

ఆ కాటా తప్పని చాటినవాడు ఎవరో చిత్తగించండి. బిల్ జేమ్స్. కాన్సస్ రాష్ట్రంలో చిక్కుడుగింజల డబ్బాల ఫ్యాక్టరీకి రాత్రి కాపలాదారు. అందరూ నిద్రపోయే వేళ కూర్చుని లెక్కలు వేసి, 1977లో సొంత ఖర్చుతో ఒక పొత్తం అచ్చు వేయించుకున్నాడు. పండితులు పట్టించుకోలేదు. పాతికేళ్ల తరువాత ఆ లెక్కల్ని జట్టు నడపడానికి వాడుకున్నవాడు ఓక్లాండ్ అథ్లెటిక్స్ జనరల్ మేనేజరు బిల్లీ బీన్. ఈయన కథ ఇంకా రంజుగా ఉంటుంది. పొడగరి, అందగాడు, కుర్రతనంలో ఆయన్ను చూసిన ప్రతివాడూ మహా ఆటగాడవుతాడని జోస్యం చెప్పాడు. తీరా మైదానంలో దిగితే చెడ్డ బంతిని వదలలేక చెడిపోయాడు. తనలో లేనిదేమిటో తెలిసినవాడు గనక, అది ఉన్నవాళ్లను ఏరుకోవడం మొదలుపెట్టాడు. బానపొట్టవాడు, చేయి పాడైనవాడు, ముప్పై అయిదేళ్లు దాటినవాడు – ఎవడైతేనేం, చెడ్డ బంతి వదిలేవాడైతే చాలు. 2002లో ఓక్లాండ్ జీతాల ఖర్చు సుమారు 4 కోట్ల డాలర్లు. న్యూయార్క్ యాంకీస్‌ది 12 కోట్లకు పైమాటే. ఆ సీజన్‌లో రెండు జట్లూ గెలిచినవి చెరి 103 ఆటలు!

ఇక్కడే మా వాడన్న కరువు కనిపిస్తుంది. ఒక జట్టుకు ఒక ఆటలో ఉండేది 27 ఔట్లు. అవి అయిపోతే ఆట అయిపోయినట్టే. సమయం ఎంతైనా తీసుకో, ఔట్లు మాత్రం ఇంతే. మా జిల్లాకు ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. సంవత్సరం ఎంత పొడుగైనా వాన మాత్రం అంతే. ఉన్న 27ను ఎవడు వృథా చేయకుండా వాడుకుంటాడు అన్నదే బిల్ జేమ్స్ శాస్త్రమంతా. ఔట్ కాకపోవడం ఒక ఆస్తి. చినుకు పోకుండా గట్టు వేసుకోవడం లాంటిది. ఈ మాట మా రైతుకు చెప్పడానికి మైకేల్ లూయిస్ అక్కర్లేదు గాని, ఆయన చెప్పిన తీరు బాగుంది.

నిజంగా బాగుంది సుమండీ. లెక్కల పుస్తకాన్ని మనుషుల పుస్తకంగా రాయడం తేలిక కాదు. స్కాట్ హాటెబర్గ్ అనే అతని మీద రాసిన అధ్యాయం చూడండి. మోచేతి నరం దెబ్బతిని, క్యాచర్‌గా బంతి విసరలేని స్థితికి వచ్చినవాడు. అలాంటివాణ్ణి తెచ్చి అలవాటు లేని ఒకటో బేసు దగ్గర నిలబెట్టారు, ఎందుకంటే అతనికి బంతిని చూసే కళ్లున్నాయి. అతను బంతి వదలడాన్ని లూయిస్ వర్ణిస్తే, మంచి కచేరీలో గాయకుడు ఊపిరి తీసుకునే జాగా లాగా ఉంటుంది. ఏమీ జరగని చోట ఏం జరుగుతోందో చూపగలగడం గొప్ప రచయిత లక్షణం. అది ఆయనకు ఉంది. అయితే తమాషా ఏమిటంటే, ఈ సహనమూర్తి కథ పతాకస్థాయికి చేరేది నడకతో కాదు. 2002 సెప్టెంబరు 4న ఓక్లాండ్ వరసగా ఇరవయ్యో విజయం కోసం ఆడుతూ, 11–0 ఆధిక్యం నుంచి 11–11కు జారిపోయిన ఆటలో, ఈ హాటెబర్గే బంతిని మైదానం బయటికి కొట్టి గెలిపించాడు. సిక్సరన్నమాట! ఓర్పు మీద పుస్తకం రాసి, చివరికి బాదుడు దగ్గర చప్పట్లు కొట్టించాడు. పాఠకుడి నాడి పట్టినవాడు మరి.

తెలుగు పాఠకుడు ఈ పుస్తకం చదివితే ఒక పొరబాటు పడే అవకాశం ఉంది. మనకు ఓర్పు అంటే క్రికెట్ ఓర్పు. 2021 జనవరిలో సిడ్నీలో మన కాకినాడ కుర్రాడు హనుమ విహారి 161 బంతులాడి 23 పరుగులతో అజేయంగా నిలిచాడు. అవతల అశ్విన్ 128 బంతులకు 39. వికెట్ పడకుండా సాయంత్రం దాకా గోడలా నిలబడి టెస్టును కాపాడారు. ఆ రోజును తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది. కానీ గమనించండి. విహారి అంతకుముందే ఒక చురుకైన సింగిల్‌కు ప్రయత్నించి తొడ కండరం పట్టేసి, పరుగెత్తలేని స్థితిలో ఉన్నాడు. 407 కొట్టాల్సిన ఇన్నింగ్స్ 334 దగ్గర ఆగింది. కాళ్లు లేని ఓర్పు ఆటను కాపాడింది, గెలిపించలేదు. క్రికెట్‌లో డ్రా అనే దేవుడున్నాడు గనక అది వీరగాథ అయింది. బేస్‌బాల్‌లో ఆ దేవుడు లేడు. అక్కడ నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉంటే, వీరుడు కాడు, మూడో బేసు దగ్గర మిగిలిపోయిన మనిషి.

మన సికింద్రాబాదు జయసింహ గారి ఉదంతం ఇంతకన్నా చేదు. 1960 డిసెంబరులో కాన్పూరులో పాకిస్తాన్ మీద ఎనిమిది గంటలకు పైగా బ్యాటింగ్ చేశారు. ఒక పూటంతా ఆడి అయిదారు పరుగులు తీసిన ఘట్టం కూడా ఆ ఇన్నింగ్స్‌లో ఉంది. అంత నిగ్రహం, అంత తపస్సు. తొంభైతొమ్మిది దగ్గరికి వచ్చారు. వందో పరుగు కోసం ఉరికారు. రనౌట్! బౌలర్లు ఎనిమిది గంటల్లో చేయలేని పని ఒక్క పరుగు చేసింది. ఆ ఇన్నింగ్స్ గురించి ఎవరు రాసినా నత్తనడక అని వెక్కిరిస్తారే తప్ప, ఆ చివరి ఉరుకు గురించి మాట్లాడరు. నాకు మాత్రం కథంతా ఆ ఉరుకులోనే కనిపిస్తుంది. ఓర్పు ఒక విద్య. పరుగు ఇంకొక విద్య. ఒకటి వచ్చినంత మాత్రాన రెండోది రాదు.

ఇప్పుడు మళ్లీ ఓక్లాండ్‌కు వద్దాం. నా ఫిర్యాదుకు సాక్ష్యం వాళ్ల జట్టులోనే ఉంది. 2001 అక్టోబరు 13. పుస్తకంలో చెప్పిన సీజన్‌కు ముందటి ఏడు. అయిదు ఆటల పోటీలో యాంకీస్ మీద ఓక్లాండ్ మొదటి రెండూ గెలిచింది. ఇంకొక్కటి గెలిస్తే చాలు. మూడో ఆటలో యాంకీస్ 1–0 ఆధిక్యంలో ఉన్నారు. ఏడో ఇన్నింగ్స్, ఇద్దరు ఔట్. ఒకటో బేసు మీద జెరెమీ జియాంబీ. నడకలు సంపాదించడంలో దిట్ట, బిల్లీ బీన్‌కు ఇష్టమైన కొలతకు సరిగ్గా సరిపోయే మనిషి. వెనకవాడు బంతిని కుడివైపు గీత వెంబడి కొట్టాడు. జియాంబీ రెండో బేసు దాటాడు, మూడోది దాటాడు, ఇంటివైపు వస్తున్నాడు. అవతలివాడు విసిరిన బంతి అందుకోవలసిన ఇద్దరి తలల మీదుగా పోయింది. పరుగు వచ్చేసినట్టే. ఇంతలో ఎక్కడినుంచో డెరెక్ జీటర్, తన చోటు కాని చోటికి పరుగెత్తుకొచ్చి, ఆ బంతిని పట్టి, పక్కకు చేత్తో విదిలించాడు. క్యాచరు దాన్ని అందుకుని జియాంబీ కాలికి తాకించాడు. ఔట్! ఆట 1–0గానే ముగిసింది. ఓక్లాండ్ మిగతా రెండు ఆటలూ ఓడి ఇంటికి పోయింది.

జనం ఇరవై ఏళ్లకు పైగా జీటర్‌ను పొగుడుతున్నారు. పొగడాల్సిందే. కానీ జియాంబీ నేల మీద జారి రాలేదు, నిలబడే వచ్చాడు. కబడ్డీలో మన పిల్లవాడు కూడా, కాలు పట్టుబడ్డాక పడిపోతూ చేయి చాచి నడిగీత తాకుతాడు. ఆ ఒక్క జానెడు దూరానికి ఎంత విలువుందో వాడికెవరూ లెక్కలతో చెప్పలేదు. మా వీధిలో పదవీ విరమణ చేసిన డ్రిల్లు సారు ఒకాయన ఉన్నారు. బడిపిల్లలకు ఏళ్ల తరబడి సాఫ్ట్‌బాల్ నేర్పినవారు. ఈ ఆటకు ఆ సాఫ్ట్‌బాల్ చెల్లెలు వరస. ఆయనకు ఈ కథ చెబితే, “బేసు ఎక్కినోడు ఎక్కినట్టే ఉంటే ఏం లాభం సామీ? ఇంటికి రావల్ల గదా! జారేది నేర్పకుండా ఏంటికి పంపిస్తారు?” అన్నారు. ‘మనీబాల్’ మీద ఇంతకంటే మంచి విమర్శ నేను ఇంగ్లీషులో కూడా చదవలేదు.

జియాంబీది ఒక్కరోజు పొరపాటు అంటారేమో. పుస్తకం వెలువడిన కొద్ది నెలలకే, 2003 అక్టోబరులో, బోస్టన్ మీద మళ్లీ అదే వరస. ఓక్లాండ్ మొదటి రెండు ఆటలు గెలిచింది. మూడో ఆటలో ఒకే ఇన్నింగ్స్‌లో ఎరిక్ బర్న్స్ అనే అతను ఇంటి దాకా వచ్చి క్యాచర్‌ను ఢీకొని, పలకను తాకకుండానే కుంటుకుంటూ పోయాడు. వెంటబడి ఔట్ చేశారు. మిగేల్ తెహాదా అనే ఇంకొకడు మూడో బేసు దగ్గర అడ్డు తగిలిందని నడిదారిలో పరుగు ఆపేసి వాదనకు దిగాడు. వాణ్ణీ ఔట్ చేశారు. పదకొండు ఇన్నింగ్స్ దాకా సాగి ఆట పోయింది, తరువాతి రెండూ పోయాయి. పెళ్లికి ముందే మామగారితో కట్నం పేచీ పెట్టుకున్న పెళ్లికొడుకులా ఉంది తెహాదా గారి వ్యవహారం. ముందు తాళి కట్టవయ్యా, తరువాత వాదించుకో!

ఇక్కడ లూయిస్ పక్షాన కూడా ఒక మాట చెప్పాలి, లేకపోతే విమర్శ కాదు, తగువు అవుతుంది. బీన్ గారికి బేసులు దొంగిలించడం ఇష్టం లేదు. విసిరేవాడి కన్నుగప్పి ఒకటో బేసు నుంచి రెండోదానికి ఉరకడాన్ని అక్కడ దొంగతనమంటారు. ఇష్టం లేకపోవడానికి కారణం ఉంది. ఎవరూ ఔట్ కాకుండా ఒకటో బేసు మీద మనిషి ఉంటే, ఆ ఇన్నింగ్స్‌లో సగటున 0.9 పరుగుకు అటూ ఇటూగా వస్తుంది. దొంగతనం ఫలించి రెండో బేసు చేరితే అది 1.1 దగ్గరికి పెరుగుతుంది. దొరికిపోయాడా, బేసులు ఖాళీ, ఒక ఔట్ ఖర్చు, 0.3కు లోపే మిగులుతుంది. పెరిగేది రెండణాలు, పోయేది ఆరణాలు. అంటే నాలుగుసార్లు ఉరికితే మూడుసార్లు గెలిచినా, లాభం నష్టం సమానమైనట్టే. అంతకు తక్కువైతే ఉరకకుండా కూర్చోవడమే మేలు. కనిపించిన ప్రతి సందులోనూ దూరే జట్లను చూసి విసిగిపోయి బీన్ ఆ మాట అన్నాడు. ఆ మాటకు కట్టుబడతాను.

కానీ తెలివిలేని పరుగు చెడ్డది గనక పరుగే వద్దనడం ఏం న్యాయం? మా శెనక్కాయ రైతును చూడండి. జూన్‌లో తొలి చినుకు పడగానే గొర్రు కట్టినవాడు చాలాసార్లు చెడతాడు. ఆ తరువాత నెల్లాళ్లు మొగులు మొహం చాటేస్తే విత్తనం మట్టిపాలు. తెలిసినవాడు ఆగుతాడు. మబ్బు వచ్చి పోతుంది, ఆగుతాడు. రెండు తుంపర్లు పడతాయి, పిడికెడు మట్టి పిసికి చూసి మళ్లీ ఆగుతాడు. అవన్నీ వదిలేసిన చెడ్డ బంతులు. ఒక రాత్రి నేల తడిసి పదును కుదిరిందా, తెల్లారేసరికి ఊరంతా పొలాల్లోనే ఉంటుంది. ఆ రోజు భోజనాల ధ్యాస ఉండదు, చుట్టాల పలకరింపులుండవు. ఎర్రనేల పదును రెండు మూడు రోజులకు మించి నిలవదు. నెలరోజులు కదలనివాడే ఆ ఒక్క పూట అంత పరుగూ తీస్తాడు. ఈ రెండింటినీ విడదీసి, ఒకటి శాస్త్రమనీ ఇంకొకటి చాదస్తమనీ అంటే మా రైతు నవ్విపోతాడు.

ఆ రెండూ ఒకే మనిషిలో ఉంటే ఎలా ఉంటుందో లూయిస్ దూరం వెళ్లి వెతకనక్కర్లేదు. ఓక్లాండ్‌లోనే పెరిగి, ఆ జట్టుకే నాలుగు విడతలుగా ఆడిన రికీ హెండర్సన్ ఉన్నాడు. 2024 డిసెంబరులో చనిపోయాడు. జీవితం మొత్తంలో 2,190 నడకలు. దొంగిలించిన బేసులు 1,406. ఇల్లు చేరిన పరుగులు 2,295. చివరి రెండూ ఇప్పటికీ ఎవరూ అందుకోని రికార్డులు. మోకాళ్లు వంచి, ఒళ్లు కుదించి, మంచి బంతి పడే జాగానే చిన్నది చేసేసి నిలబడేవాడు. విసిరేవాడు ఏడవాలి. నడిచి ఒకటో బేసుకు పోయేవాడు. ఆ తరువాత రెండోది ఎవరి సొత్తు? ‘మనీబాల్’ సిద్ధాంతానికి సగం రుజువు, మిగతా సగానికి ఖండన, రెండూ ఆయనే.

ఇంకొక ఘట్టం చెబుతాను, ఇది పుస్తకం వచ్చాక జరిగింది గనక లూయిస్‌ను తప్పుపట్టను. 2004 అక్టోబరు 17, బోస్టన్. యాంకీస్ మూడు ఆటలు గెలిచి ఉన్నారు, నాలుగోది కూడా 4–3తో వాళ్ల చేతిలోనే ఉంది. ఆఖరి ఇన్నింగ్స్. విసిరేవాడు మరియానో రివేరా, ఆ కాలంలో ఆట ముగించడంలో అతన్ని మించినవాడు లేడు. బోస్టన్ ఆటగాడు కెవిన్ మిల్లార్ తొందరపడలేదు. నాలుగు చెడ్డ బంతులు వదిలాడు. నడక. వెంటనే అతన్ని పిలిచేసి, అతని బదులు పరుగెత్తడానికి డేవ్ రాబర్ట్స్‌ను దింపారు. వచ్చింది దొంగిలించడానికేనని మైదానంలో పిల్లవాడికి కూడా తెలుసు. రివేరా వరసగా మూడుసార్లు ఒకటో బేసుకు బంతి విసిరి బెదిరించాడు. నాలుగోది కొట్టేవాడికి వేశాడు. రాబర్ట్స్ ఉరికాడు. వెంట్రుకవాసిలో చేరాడు. తరువాతివాడు ఒక మామూలు దెబ్బ కొట్టాడు, రాబర్ట్స్ ఇల్లు చేరాడు, ఆట సమం. పన్నెండో ఇన్నింగ్స్‌లో బోస్టన్ గెలిచింది. ఆ తరువాత మూడూ గెలిచి, ఆపైన 1918 తరువాత మొదటిసారి ప్రపంచ విజేత అయింది. ఒక నడక, ఒక ఉరుకు. అప్పటికి ఆ బోస్టన్ జట్టుకు సలహాదారు ఎవరనుకున్నారు? డబ్బాల ఫ్యాక్టరీ కాపలాదారు బిల్ జేమ్స్! అంటే గురువుగారికి పరుగు మీద పగ లేదన్నమాట. ఆయన శిష్యుల్లోనే కొందరికి ఉంది.

ఆ తరువాత కాలం మారింది. 2023లో బేసుల సైజు పెంచి, విసిరేవాడు బేసు మీది మనిషిని బెదిరించడానికి హద్దులు పెట్టారు. అంతకుముందు ఏడు 2,486 ఉన్న దొంగతనాలు ఆ ఏడు 3,503కు చేరాయి. అయిదింట నాలుగు ఫలించాయి. కాటా మళ్లీ మారింది. 2024తో అథ్లెటిక్స్ జట్టు ఓక్లాండ్‌నే వదిలిపోయింది. ఇరవై ఏళ్ల కిందటి లెక్కను వేదవాక్యంలా పట్టుకుని ఈనాటికీ ‘మనీబాల్’ పేరు జపించేవాళ్లు ఈ సంగతులు కూడా చదువుకుంటే బాగుండును.

సినిమా గురించి ఎక్కువ చెప్పను. బ్రాడ్ పిట్ బాగా చేశాడు, ఎప్పుడు చూసినా ఏదో ఒకటి తింటూ కనిపిస్తాడు. నడకను తెర మీద చూపించడం కష్టం. ఎవడో బంతి వదిలేసి నడిచిపోతుంటే టికెట్ కొన్నవాడు ఏం చూస్తాడు? మన ఊళ్లోనూ అంతేగా. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ ఆటలు అనంతపురం ఆర్డీటీ మైదానంలో జరిగాయి. అభిమన్యు ఈశ్వరన్ ఓపెనర్‌గా దిగి, అవతల అన్షుల్ కంబోజ్ ఎనిమిది వికెట్లు పడగొడుతున్నా చలించక, 157తో చివరిదాకా అజేయంగా నిలిచాడు. మైదానం నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్లను ఏం చూశార్రా అని అడిగితే సిక్సర్లే వర్ణించారు. ఈశ్వరన్ వదిలిన బంతుల ఊసు ఒక్కడూ ఎత్తలేదు. అతను అవతలి వాడితో ఎన్ని ఒంటిపరుగులు తీశాడో అసలే ఎత్తలేదు. వాళ్లను ఏమనగలం? ఆ రెండింటినీ చూడడం నేర్పే రాత మనకు తక్కువ. అందుకే ఈ పుస్తకాన్ని, లోపంతో సహా, ఇంటర్మీడియట్ చదివే ఆ కుర్రాళ్లలో ఒకడికి ఇచ్చాను. ఇంకా తిరిగి రాలేదు.

వాడు చివరి అధ్యాయం దాకా పోతాడో లేదో గాని, నాకు పుస్తకమంతటిలోకి నచ్చింది అదే. జెరెమీ బ్రౌన్ అనే స్థూలకాయుడు. ఒక రోజు చిన్న ఆటలో బంతిని గట్టిగా కొట్టాడు. ఎన్నడూ లేనిది, మూడో బేసు దాకా పోదామని ఒకటో బేసు దాటి కాలు తడబడి దబ్బున పడ్డాడు. భయంతో చేతులూ మోకాళ్ల మీద పాకుతూ వెనక్కి వచ్చి ఒకటో బేసును కావలించుకున్నాడు. చుట్టూ అందరూ నవ్వుతున్నారు. ఎందుకో అతనికి అర్థం కాలేదు. అతను కొట్టిన బంతి ఎప్పుడో కంచె దాటిపోయింది. లేచి దుమ్ము దులుపుకుని, రెండో బేసు, మూడో బేసు ఒక్కొక్కటే తొక్కుకుంటూ ఇంటికి వెళ్లాడు.